రాత్రి నగరం: ఒక్క క్లిక్కు చాలా, హెచ్‌డీఆర్ కావాలా?

కెమెరా సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. దీపాలు వెలిగిన ఊరిని ఒక్క ఎక్స్‌పోజర్‌తో (సెన్సర్ మీద ఒకసారి పడనిచ్చే వెలుగుతో) తీయాలా, లేక వేరువేరు వెలుగులతో తీసిన రెండు మూడు ఫొటోలు కలిపి హెచ్‌డీఆర్ చేయాలా అని. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ పేజీలను దీనికే కేటాయించాం.

ప్రశ్న: నా దగ్గర ఏపీఎస్‌-సీ సెన్సర్ కెమెరా, దాంతోపాటు వచ్చిన 18–55 లెన్సు ఉన్నాయి. ట్యాంక్‌బండ్ మీద రాత్రి ఎనిమిదింటికి ట్రైపాడ్ వేసి బుద్ధ విగ్రహం, సచివాలయం తీశాను. ఒక్క ఎక్స్‌పోజర్‌లో గుమ్మటాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి, మిగతాదంతా కాటుక. మూడు ఫొటోలు కలిపి హెచ్‌డీఆర్ చేస్తే ఆకాశం బూడిద రంగుకు తిరిగి గింజలు గింజలుగా వచ్చింది, భవనం చుట్టూ తెల్లటి వలయం. రెండింట్లో ఏది సరైన పద్ధతి?
– సికింద్రాబాద్ పాఠకుడు

జవాబు: తప్పు కెమెరాదీ కాదు, హెచ్‌డీఆర్‌దీ కాదు. గడియారానిది. ఎనిమిదింటికి ఆకాశంలో వెలుగు మిగలదు. ఫ్లడ్‌లైట్లు పడే గోడకూ, దీపం లేని గట్టుకూ మధ్య తేడా అప్పటికి 15 స్టాపులు దాటిపోవచ్చు. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం కాబట్టి 15 స్టాపులంటే ముప్ఫై రెండు వేల రెట్ల పైమాటే. మీ తరహా సెన్సర్లు ఐఎస్‌ఓ (సెన్సర్ పట్టిన వెలుగును ఎంత పెంచాలో చెప్పే అంకె) 100 దగ్గర 13, 14 స్టాపులు పడతాయని కాగితం మీద ఉంటుంది. నాయిస్ (గింజలు) లేకుండా ప్రింటుకు పనికొచ్చేది మాత్రం 10, 11. ఆ మిగిలిపోయిన నాలుగైదు స్టాపులే మీ ఫొటోలో ఒక పక్క సున్నం, ఇంకో పక్క కాటుక అయ్యాయి.

సూర్యాస్తమయం తర్వాత ఆకాశపు వెలుగు ప్రతి మూడు, నాలుగు నిమిషాలకూ సగానికి పడిపోతూ ఉంటుంది. ఊరి దీపాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. కాబట్టి పడిపోతున్న ఆకాశం, నిలకడగా ఉన్న దీపాలు ఒక చోట కలుసుకుంటాయి. సూర్యుడు క్షితిజానికి 4 నుంచి 8 డిగ్రీల కిందకు దిగిన వేళ అది. బ్లూ అవర్ అంటారు. పేరులో గంట ఉన్నా హైదరాబాద్‌లో మీ చేతికొచ్చేది పావుగంట, అంటే అస్తమయం తర్వాత సుమారు 15వ నిమిషం నుంచి 30వ నిమిషం దాకా. డిసెంబరులో సూర్యుడు 5.45 ప్రాంతంలో దిగుతాడు కనుక ఆరింటికల్లా ఫ్రేము బిగించి ఉండాలి. జూన్‌లో ఏడు దాటాక. ఆ పావుగంటలో కూడా ఆకాశం, దీపాలు సరిసమానంగా ఉండేది ఎనిమిది, పది నిమిషాలే. ఆ సమయంలో పది ఫొటోలు తీస్తే ఒక్క ఎక్స్‌పోజరే సరిపోయేవి మూడో నాలుగో తప్పకుండా ఉంటాయి.

మీరు నిలబడ్డ చోటు మంచిదే. ట్యాంక్‌బండ్ చెరువుకు తూర్పు గట్టు, కాబట్టి విగ్రహం వైపు చూస్తే పడమర వస్తుంది. సంజె వెలుగు ఆ వైపునే ఆఖరి దాకా నిలుస్తుంది. అవతల నెక్లెస్ రోడ్డు నుంచి ఇటు చూసేవారికి వెనకాల తూర్పు ఆకాశం. అది ముందుగా చీకటవుతుంది, వాళ్లు కాస్త తొందరగా మొదలుపెట్టాలి.

సెట్టింగులు: కెమెరా ఎం మోడ్ (అన్నీ మనమే పెట్టుకునేది), ఐఎస్‌ఓ 100, ఆటో ఐఎస్‌ఓ ఆఫ్, ఎపర్చర్ (లెన్సు రంధ్రం, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ చిన్నది) ఎఫ్8, రా ఫైల్ (సెన్సర్ పట్టినది పట్టినట్టు దాచేది). అస్తమయం తర్వాత 20, 25 నిమిషాలకు షట్టర్ 4 సెకన్ల చుట్టుపక్కల ఉంటుంది. అక్కడి నుంచి కెమెరాలోని వెలుగు మీటర్‌ను నమ్మొద్దు, హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా వెలుగు ఎక్కడెంతుందో చూపే గ్రాఫు) చూడండి. నల్లటి ఆకాశం, నల్లటి నీళ్లు చూసి మీటర్ కంగారుపడి ఎక్కువ వెలుగు అడుగుతుంది. హిస్టోగ్రామ్ కూడా తెల్లది ఒక్కటే కాదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ విడివిడిగా చూపించేది పెట్టుకోండి. సోడియం దీపాల పసుపు ముందుగా ఎరుపు చానల్‌ను ముంచేస్తుంది, నీలి ఎల్‌ఈడీలు నీలం చానల్‌ను. తెల్ల హిస్టోగ్రామ్ మాత్రం అంతా బాగుందనే చెబుతుంది. గోడలు, గుమ్మటాలు లాంటి పెద్ద ఉపరితలాలు కుడి అంచు తాకకుండా షట్టర్ తగ్గించండి. దీపపు బుగ్గలు ఓవర్ అయితే అవనివ్వండి. బల్బు లోపలి వివరం ఎవరికీ అక్కర్లేదు. దాన్ని కూడా కిందకు దించాలని చూసినప్పుడే హెచ్‌డీఆర్ ఫొటోల్లో దీపాలు ఆరిపోయిన బొగ్గుల్లా కనిపిస్తాయి.

ఇక ఒక్కటి చాలా, మూడు కావాలా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. హైలైట్లు (బాగా వెలిగే చోట్లు) కాపాడుతూ ఒక ఫొటో తీయండి. వెంటనే షట్టర్‌ను ఎనిమిది రెట్లు పెంచి, అంటే మూడు స్టాపులు ఎక్కువిచ్చి ఇంకోటి తీయండి. మొదటిది 2 సెకన్లయితే రెండోది 15. ఈ రెండో ఫొటోలో దీపాల సంగతి వదిలేసి నీడలు మాత్రమే చూడండి. గట్టు, చెట్లు, పడవలు మీకు కావలసినంత కనిపిస్తున్నాయా? అయితే మొదటి రా ఫైల్‌లోనే నీడలను ఆ మూడు స్టాపులూ లేపుకోవచ్చు, ఇప్పటి సెన్సర్లు ఐఎస్‌ఓ 100లో దానికి తట్టుకుంటాయి. రెండో ఫొటోలో కూడా ఆ చోట్లు నల్లగానే ఉంటే బ్రాకెటింగ్ (వెలుగు మారుస్తూ వరసగా పలు ఫొటోలు తీయడం) చేయక తప్పదు.

మీ హెచ్‌డీఆర్‌లో ఆకాశం బూడిదైందంటే సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా నీడ అనుకుని లేపింది. రాత్రి ఆకాశంలో లేపడానికి దుమ్ము, పొగమంచు, సెన్సర్ నాయిస్ తప్ప ఏముంటాయి? భవనం చుట్టూ వలయం వేరే జబ్బు. చుట్టుపక్కల వెలుగును బట్టి ఒక్కో చోటును ఒక్కోలా సర్దే టోన్ మ్యాపింగ్, వెలిగే గోడ పక్కనున్న ఆకాశాన్ని ఒకలా, దూరంగా ఉన్నదాన్ని ఇంకోలా లెక్కగట్టింది. క్లారిటీ, డీటెయిల్, స్ట్రెంగ్త్ లాంటి స్లైడర్లను సగానికి తగ్గించి, ఆకాశాన్ని మాస్కుతో (మార్పును ఒక భాగానికే పరిమితం చేసేది) ఎంచుకుని ఒక స్టాపు దించేయండి. చాలావరకు పోతుంది.

ప్రశ్న: ఆటో బ్రాకెటింగ్‌లో ఎన్ని ఫొటోలు, ఒక్కోదానికి ఎంత తేడా పెట్టాలి? నా కెమెరాలో మూడే వస్తాయి. కొందరు ఏడు, తొమ్మిది అంటున్నారు.
– హనుమకొండ

జవాబు: రెండేసి స్టాపుల తేడాతో మూడు. నగర దృశ్యాల్లో నూటికి తొంభైసార్లు అది చాలు. ఒక్కో స్టాపు తేడాతో ఐదు తీసినా వచ్చే విస్తీర్ణం అదే, –2 నుంచి +2 దాకా. ఎక్కువ ఫొటోలంటే ఎక్కువ సమయం, ఆలోగా మేఘాలు, పడవలు, దీపాలు ఎక్కువ కదులుతాయి. అలాగని తేడాను మూడు స్టాపులకు పెంచేయొద్దు. నీలి ఆకాశం మెల్లగా మారే చోట ఒక ఫొటో ఆగి ఇంకోటి అందుకునే దగ్గర నాయిస్ చారల్లా బయటపడుతుంది.

చిక్కంతా మధ్య ఫొటో ఎంచుకోవడంలో ఉంది. రాత్రిపూట మీటర్ చెప్పినదాన్ని మధ్యలో పెడితే మూడూ తెల్లవైపుకు జరిగిపోతాయి. అన్నిటికంటే చీకటి ఫొటోలో సైన్‌బోర్డుల అక్షరాలు చదవగలగాలి. లెక్క అక్కడ మొదలుపెట్టి పైకి రండి. ఎఫ్8, ఐఎస్‌ఓ 100లో బ్లూ అవర్‌కు 1, 4, 15 సెకన్లు మామూలు. పూర్తి చీకటిలో 4, 15, 60 కావాల్సి వస్తుంది, గొడవ అక్కడే. చాలా కెమెరాలు 30 సెకన్ల దగ్గర ఆగిపోతాయి. ఆటో బ్రాకెటింగ్‌లో మూడోది 60 కావాల్సింది 30కే తీసి ఊరుకుంటాయి, మీకు చెప్పవు కూడా. ఇంటికొచ్చి చూస్తే రెండు, మూడు ఫొటోల మధ్య ఒక్క స్టాపే తేడా. దీనికి మందు ఎపర్చర్‌ను ఎఫ్5.6కు తెరవడం, అప్పుడు 2, 8, 30 అవుతాయి. లేదంటే ఐఎస్‌ఓ 200కు పెంచండి. మూడింటికీ ఒకేలా పెంచాలి. ఫొటోకూ ఫొటోకూ మధ్య మారేది షట్టర్ ఒక్కటే. ఎపర్చర్ మారితే ఫోకస్ లోతు, అంచుల నీడ, దీపాల కిరణాలు అన్నీ మారిపోయి ఒకదాని మీద ఒకటి కూర్చోవు.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. ఆటో ఐఎస్‌ఓ ఆన్‌లో ఉంటే బ్రాకెటింగ్ పెట్టిన తేడాను అది ఇంకోవైపు నుంచి చెరిపేస్తుంది. ఎం మోడ్‌లో కూడా. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి. 15 సెకన్ల ఫొటో తర్వాత షట్టర్ మూసి మరో 15 సెకన్లు ఉత్త చీకటి ఫొటో తీసుకుంటుంది, బ్రాకెటింగ్ మధ్యలో అంత విరామం పనికిరాదు. లెన్సులోనో బాడీలోనో ఉండే స్టెబిలైజేషన్ ట్రైపాడ్ మీద ఆఫ్. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, 3500–4000 కెల్విన్ మధ్య ఒకటి నిలిపేయండి. ఫోకస్ మాత్రం లైవ్ వ్యూలో పదిరెట్లు పెద్దది చేసి, దూరపు భవనం అంచు మీదో కిటికీ మీదో సరిచేసి, తర్వాత మాన్యువల్‌కు మార్చాలి. లెన్సు మీది అనంతం గుర్తును నమ్మి తిప్పేస్తే కొంచెం అవతలికి పోతుంది.

మీ కెమెరాలో మూడైనా ఉన్నాయి. కొన్ని చిన్న మోడళ్లలో ఆటో బ్రాకెటింగే లేదు. వాళ్లు ఎం మోడ్‌లో షట్టర్ డయల్‌ను ఆరు క్లిక్కులు తిప్పితే సరి, మూడో వంతు స్టాపు చొప్పున ఆరు అంటే రెండు స్టాపులు. తిప్పినప్పుడల్లా కెమెరా కాస్త కదులుతుంది కనుక రెండు సెకన్ల టైమర్ పెట్టండి. మిగతా తేడాను సాఫ్ట్‌వేర్‌లోని ఆటో అలైన్ సర్దుతుంది.

ప్రశ్న: మేము జెర్సీ సిటీలో ఉంటాం. హోబోకెన్ ఒడ్డు నుంచి మ్యాన్‌హాటన్ తీస్తే ఎంపైర్ స్టేట్ శిఖరం మాత్రం ఎప్పుడూ తెల్లటి ముద్దే. హెచ్‌డీఆర్ చేస్తే శిఖరం బాగుపడుతోంది గానీ నదిలో ఫెర్రీలు ముక్కలు ముక్కలుగా, నీళ్లు మైనం పూసినట్టుగా వస్తున్నాయి. ఆకాశం నల్లగానే ఉంటోంది.

జవాబు: మూడు జబ్బులు చెప్పారు, మూడింటికీ మూలం వేరువేరు.

ఆకాశం సంగతి ముందు. హడ్సన్ పడమటి ఒడ్డు నుంచి మీరు చూసేది తూర్పుకు. సాయంత్రం వేళ అందరికంటే ముందు నల్లబడే ఆకాశం అది. న్యూయార్క్‌లో సంధ్య హైదరాబాద్ కంటే కొంచెం పొడుగు. సూర్యుడు 6 డిగ్రీలు దిగడానికి ఇక్కడ 22–25 నిమిషాలైతే అక్కడ రుతువును బట్టి 28–33. అయినా మీ దిక్కుకు అది పెద్దగా కలిసిరాదు. అస్తమయమైన పది, పన్నెండు నిమిషాలకే మొదలుపెట్టండి. లేదా తెల్లవారుజామున వెళ్లండి, అప్పుడు వెలుగు భవనాల వెనక నుంచే వస్తుంది. చిక్కల్లా ఆ వేళకు ఆఫీసు కిటికీల్లో దీపాలు తక్కువ. శీతాకాలపు సాయంత్రాలు మీకు అన్నివిధాలా అనుకూలం. చీకటి పడేసరికి ఆఫీసులింకా నడుస్తుంటాయి. అదే పడమటి సంజె వెనకాల కావాలనుకుంటే నది మారాలి. బ్రూక్లిన్ బ్రిడ్జ్ పార్కు నుంచి చూస్తే దిగువ మ్యాన్‌హాటన్ వెనక పడమర ఉంటుంది.

శిఖరం దీపాలు చుట్టుపక్కల కిటికీల కంటే ఎన్నోరెట్లు ఎక్కువ. 2012 నుంచి అక్కడున్నవి రంగులు మార్చే ఎల్‌ఈడీలు, అందుకే ఒక్కోరాత్రి ఒక్క రంగు చానలే మునిగిపోతుంది. కానీ అది ఫ్రేములో వేలెడంత చోటు. ఆ వేలెడంత కోసం నదిని, ఆకాశాన్ని, అన్నిటినీ హెచ్‌డీఆర్‌లో పెట్టి రుబ్బడం ఎందుకు? నీళ్లకు, భవనాలకు సరిపోయే ఒక్క ఎక్స్‌పోజర్ తీయండి. కదలకుండా మూడు స్టాపులు తక్కువతో ఇంకోటి తీయండి. ఫొటోషాప్‌లో రెండోదాన్ని పై లేయర్‌గా వేసి, నల్ల మాస్క్ పెట్టి, మెత్తటి తెల్ల బ్రష్‌తో 40, 50 శాతం ఫ్లో పెట్టుకుని శిఖరం మీద మాత్రమే రెండు మూడుసార్లు రాయండి. రెండు నిమిషాల పని. ఫెర్రీ ఒక్కటే ఉంటుంది, నీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

అయినా పూర్తి హెచ్‌డీఆరే కావాలంటే నీళ్ల విషయంలో ఒక కిటుకు ఉంది. 1 సెకను ఫొటోలో అలలు కనిపిస్తాయి, 15 సెకన్లదాంట్లో అద్దంలా నునుపవుతాయి. ఈ రెండు రకాల నీళ్లను కలిపితే వచ్చేదే మీరన్న మైనం. ఎఫ్11కు మూసి 2, 8, 30 తీసుకోండి. అన్నిట్లోనూ నీళ్లు నునుపుగానే ఉంటాయి కనుక అతుకు తెలియదు. ఫెర్రీ పోయేదాకా ఆగి మూడూ తీయడం అన్నిటికన్నా తేలిక. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో డీఘోస్ట్‌ను (కదిలినవాటి ముక్కలను తుడిచేది) ‘హై’లో పెట్టేవాళ్లు చాలామంది. అది కదిలిన చోటంతా ఏదో ఒక్క ఫొటో నుంచే తీసుకుంటుంది. ఆ ఫొటో చీకటిదైతే అక్కడ మాత్రం నాయిస్ మచ్చలా తేలుతుంది. ‘లో’తో మొదలుపెట్టి, ఓవర్లే ఆన్ చేసి ఏ చోట్లు ఎంచుకుందో చూశాకే మర్జ్ నొక్కండి.

చెక్క పలకల పియర్ల మీద పక్కనుంచి ఎవరైనా పరిగెత్తినా పలక ఊగుతుంది. ట్రైపాడ్ కాళ్లు పలక మధ్యలో కాకుండా కింద దూలం ఉన్నచోట, మేకుల వరస మీద పెట్టండి.

ప్రశ్న: దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి. హెచ్‌డీఆర్‌లో కేబుళ్లు ఎరుపూ నీలమూ కలిసి ఏదో ఊదా బురదలా వచ్చాయి. కార్ల లైట్ల గీతలు తెగిపోయాయి. ఎందుకిలా?
– మాదాపూర్

జవాబు: 2020 సెప్టెంబరులో తెరిచినప్పటి నుంచీ ఆ వంతెన ఫొటోగ్రాఫర్లకు పెడుతున్న పరీక్షే ఇది. దీపాలు రంగులు మారుస్తాయి. మీ మొదటి ఫొటో ఎరుపులో, రెండోది నీలంలో, పదిహేను సెకన్ల మూడోది రెండూ కలిపి పట్టుకుంది. హెచ్‌డీఆర్ లెక్క మొత్తం ఒక నమ్మకం మీద నిలబడింది: ఫొటోకూ ఫొటోకూ దృశ్యం మారలేదు, ఎక్స్‌పోజర్ ఒక్కటే మారింది అని. ఇక్కడ ఆ నమ్మకమే చెల్లదు. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని బాగుచేయలేదు.

కాబట్టి ఇక్కడ ఒక్క ఎక్స్‌పోజరే సరైన దారి. ముందు రెండు నిమిషాలు కెమెరా ముట్టకుండా దీపాల వరస చూడండి. ఏ రంగు ఎన్ని సెకన్లు నిలుస్తోందో లెక్కపెట్టండి. ఐదు సెకన్లు నిలిచే రంగు దొరికితే షట్టర్ దానికి లోబడి ఉండాలి, 4 సెకన్లు దాటకూడదు. బ్లూ అవర్‌లో ఎఫ్8, ఐఎస్‌ఓ 100కు సరిగ్గా అదే వస్తుంది, అదృష్టం. చీకటి పడ్డాక ఐఎస్‌ఓ 400కు పోయినా పరవాలేదు.

నాయిస్ బాధ ఉంటే అదే రంగు తిరిగి వచ్చినప్పుడల్లా అదే ఎక్స్‌పోజర్‌తో ఒక్కోటి తీస్తూ ఎనిమిది పోగు చేయండి. ఫొటోషాప్‌లో అన్నిటినీ ఒక స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా చేసి స్టాక్ మోడ్‌లో ‘మీన్’ ఎంచుకుంటే సగటు తీస్తుంది. నాయిస్ ఫొటోల సంఖ్య వర్గమూలం మేరకు తగ్గుతుంది: నాలుగు కలిపితే సగం, ఎనిమిదికి మూడో వంతుకు దగ్గర, పదహారుకు నాలుగో వంతు. హెచ్‌డీఆర్ చేయకుండానే నీడలు శుభ్రపడతాయి. ఈ పద్ధతిని మనవాళ్లు ఎందుకో అంతగా వాడరు.

కార్ల గీతలు వేరుగా తీయండి. 20, 30 సెకన్లకు ఎపర్చర్ ఎఫ్11 లేదా ఎఫ్16కు మూసి ఒకటో రెండో. తర్వాత వాటిని పై లేయర్‌గా వేసి బ్లెండ్ మోడ్ ‘లైటెన్’, మాస్క్‌తో రోడ్డు వరకే. మూడు ఫొటోల హెచ్‌డీఆర్‌లో గీతలు తెగక ఏం చేస్తాయి, 4 సెకన్ల ఫొటోలో కారు ప్రయాణించింది కొంతదూరమే కదా. ట్రైపాడ్‌ను వంతెన మీద మాత్రం వేయొద్దు. బరువు బండి పోయిన ప్రతిసారీ డెక్ ఊగుతుంది, ఏ ఫొటో పదునుగా రాదు. చెరువు గట్టే నయం.

ప్రశ్న: కైలాసగిరి మీద నుంచి పౌర్ణమినాడు బీచ్ రోడ్డు దీపాలు, చంద్రుడు ఒకే ఫ్రేములో తీయాలనుకున్నాను. చంద్రుడు తెల్లటి బిళ్ల. హెచ్‌డీఆర్‌తో కోడిగుడ్డు ఆకారం వచ్చింది.
– విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: చంద్రుడంటే ఎండలో ఉన్న రాయి, అంతే. పైకెక్కిన పౌర్ణమి చంద్రుడికి ఎఫ్8, ఐఎస్‌ఓ 100లో 1/200 సెకను సరిపోతుంది. మీ బీచ్ రోడ్డు దీపాలకు 4 సెకన్లు కావాలి. ఈ రెండింటి మధ్య ఎనిమిది వందల రెట్లు, దాదాపు తొమ్మిదిన్నర స్టాపులు. రెండేసి స్టాపుల మూడు ఫొటోలు అక్కడిదాకా అందవు. పైగా చంద్రుడు ఆగడు. రెండు నిమిషాల్లో తన వెడల్పంత జరుగుతాడు. 200 ఎంఎం లెన్సులో 4 సెకన్లకే అంచు చెదురుతుంది, బ్రాకెటింగ్ పూర్తయ్యేసరికి మూడు చోట్ల మూడు చంద్రులు. సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి కోడిగుడ్డు చేసింది.

పౌర్ణమి ముందురోజు వెళ్లండి మేడమ్. ఆ రోజు చంద్రుడు సూర్యాస్తమయం కంటే ముందే లేస్తాడు. బ్లూ అవర్ వచ్చేసరికి సముద్రం మీద కొద్ది ఎత్తులో, తేమ గాలి పొరల వెనక ఉంటాడు. ఆ పొరలు మూడు నాలుగు స్టాపులు మింగేస్తాయి, ఆకాశం కూడా ఇంకా వెలుగుతోనే ఉంటుంది. తేడా అప్పటికి చేతికందే దూరానికి వస్తుంది. అప్పటికీ మిగిలితే చంద్రుడికి ఒకటి, ఊరికి ఒకటి రెండే ఫొటోలు వెంటవెంటనే తీసి, చిన్నదాన్ని అదే చోట మాస్క్‌తో అతికించండి. ఆటో హెచ్‌డీఆర్ జోలికి పోవద్దు. బీచ్ రోడ్డు భవనాల మీదికి చంద్రుడు రావాలనుకుంటే సాయంత్రం కుదరదు. పౌర్ణమి మర్నాడు తెల్లవారుజామున పడమటికి దిగే చంద్రుడికి ఇసుకలో నిలబడి కాపు కాయాలి.

ఏసీ కారులోంచి దిగిన వెంటనే విశాఖ గాలిలో లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. తుడిస్తే మళ్లీ వస్తుంది. కొండకు పోయే దారిలోనే ఏసీ ఆపి, బ్యాగు జిప్పు మూసే ఉంచి, అరగంట తర్వాత కెమెరా బయటికి తీయండి.

ప్రశ్న: ఒకే రా ఫైల్‌ను చీకటిగా, మామూలుగా, వెలుగుగా మూడు జేపెగ్‌లు చేసి హెచ్‌డీఆర్ సాఫ్ట్‌వేర్‌లో కలపమని ఒకరు చెప్పారు. అది హెచ్‌డీఆరేనా?
– గుంటూరు

జవాబు: కాదు. ఒక బిందెలో నీళ్లను మూడు గ్లాసుల్లో పోసి మళ్లీ బిందెలో పోసినట్టు. ఎక్కడా చుక్క పెరగదు. పైగా జేపెగ్ చేయడంలో కొంత ఒలికిపోతుంది. అదే రా ఫైల్‌లో హైలైట్స్, షాడోస్ స్లైడర్లు కదిపితే అంతకంటే మంచి ఫలితం వస్తుంది.

ప్రశ్న: డబ్బు పెట్టకుండా హెచ్‌డీఆర్ చేసే సాఫ్ట్‌వేర్లు చెప్పండి. లైట్‌రూమ్‌కు, వాటికి తేడా ఉందా?
– ఖమ్మం

జవాబు: పనోరమా సాఫ్ట్‌వేర్ హ్యూగిన్‌తో పాటు వచ్చే ఎన్‌ఫ్యూజ్, డార్క్‌టేబుల్, ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్, మూడూ ఉచితం. రాత్రి నగరానికి మా ఓటు ఎన్‌ఫ్యూజ్‌కు. దాని తీరు వేరు. మామూలు హెచ్‌డీఆర్ ముందు ఫొటోలన్నిటి నుంచీ దృశ్యంలోని అసలు వెలుగు విలువలను లెక్కగట్టి ఒక పెద్ద ఫైల్ చేస్తుంది. ఆ దారి 1997లో డెబెవెక్, మాలిక్ రాసిన పరిశోధన పత్రంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆ ఫైల్ తెర మీద పట్టదు కాబట్టి దాన్ని టోన్ మ్యాపింగ్‌తో నొక్కాలి, వలయాలు, అతి రంగులు పుట్టేది ఆ నొక్కుడులోనే. ఎన్‌ఫ్యూజ్ వాడే ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ ఆ పెద్ద ఫైల్ జోలికే పోదు. ప్రతి చోటా ఏ ఫొటోలో వెలుగు సరిగ్గా ఉందో చూసి దానికి ఎక్కువ తూకం ఇచ్చి కలుపుతుంది. అందుకే ఫలితం కాస్త చప్పగా కనిపించినా నాటకీయత ఉండదు. కాంట్రాస్ట్ తర్వాత మీరే పెంచుకోవచ్చు.

లైట్‌రూమ్‌లో సుఖం ఏమిటంటే కలిపాక కూడా రా లాంటి డీఎన్‌జీ ఫైలే ఇస్తుంది. వైట్ బ్యాలెన్స్ తర్వాత మార్చుకోవచ్చు, ఎక్స్‌పోజర్ స్లైడర్ 5కు బదులు 10 దాకా పోతుంది. మర్జ్ చేసేటప్పుడు ఆటో సెట్టింగ్స్ టిక్కు తీసేయండి. అది రాత్రిని పగలు చేయాలని చూస్తుంది.

ప్రశ్న: ఇంత శ్రమ దేనికి? నా ఫోన్ నైట్ మోడ్‌లో చేతిలో పట్టుకునే బాగా తీస్తోంది.
– నిజామాబాద్

జవాబు: తీస్తుంది, ఒప్పుకుంటాం. ఫోన్ చేసేది కూడా పలు ఫొటోలు కలపడమే, దారి వేరు. గూగుల్ హెచ్‌డీఆర్‌ ప్లస్ పద్ధతి మొదట్లో ఎక్స్‌పోజర్లు మార్చేది కాదు. హైలైట్లు పోకుండా అన్నిటినీ ఒకేలా తక్కువ వెలుగుతో వరసగా తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పరిచి సగటు తీసేది, తర్వాత నీడలు లేపేది. పైన మాదాపూర్ పాఠకుడికి చెప్పిన ఎనిమిది ఫొటోల కిటుకే అది. 2018లో పిక్సెల్ 3తో వచ్చిన నైట్ సైట్, 2019లో ఐఫోన్ 11తో వచ్చిన నైట్ మోడ్ దీన్ని చీకటికి పొడిగించాయి.

వాట్సాప్‌లో పంపుకోవడానికి తిరుగులేదు. 12x18 అంగుళాల ప్రింటు వేస్తే మాత్రం దూరపు కిటికీలు నీటిరంగు బొమ్మల్లా అలుక్కుపోయి కనిపిస్తాయి. ఫోన్‌తోనే తీసేవారు చేయగలిగినవి ఉన్నాయి. లెన్సును మెత్తటి బట్టతో తుడవండి, వేలి జిడ్డే దీపాల నుంచి అడ్డంగా చారలు లాగుతుంది. భవనం మీద నొక్కి ఎక్స్‌పోజర్‌ను కాస్త కిందికి లాగండి, ఫోన్లు రాత్రిని అతిగా వెలిగిస్తాయి. చిన్న ట్రైపాడ్ మీద పెడితే ఐఫోన్ నిశ్చలంగా ఉన్నట్టు గుర్తించి 30 సెకన్ల దాకా తీసుకునే వీలిస్తుంది. డిజిటల్ జూమ్ వద్దు.

ప్రశ్న: ప్రతి రాత్రి ఫొటోలోనూ ఆకాశంలో ఆకుపచ్చ చుక్కలు. సెన్సర్ పోయిందా?
– కర్నూలు

జవాబు: లెన్సు ముందు యూవీ ఫిల్టర్ ఉందా? తీసేయండి. గట్టి దీపాల వెలుగు సెన్సర్‌కూ ఫిల్టర్‌కూ మధ్య తిరిగి కొట్టుకుని, ఫ్రేము మధ్యబిందువుకు అటువైపు తలకిందులుగా పడుతోంది. దీపం కింద ఎడమలో ఉంటే చుక్క పైన కుడిలో ఉంటుంది. ఆ లెక్కకు సరిపోకుండా ప్రతి ఫొటోలో ఒకే చోట ఉంటేనే సెన్సర్ సంగతి ఆలోచించాలి.

ప్రశ్న: వీధి దీపాలకు నక్షత్రాల్లా కిరణాలు రావాలంటే? హెచ్‌డీఆర్‌లో అవి మసకబారుతున్నాయి.
– తిరుపతి

జవాబు: ఎఫ్11 నుంచి ఎఫ్16. కిరణాల సంఖ్య లెన్సులోని ఎపర్చర్ రేకులను బట్టి ఉంటుంది: రేకులు సరి సంఖ్య అయితే అన్నే, బేసి అయితే రెట్టింపు. ఎనిమిది రేకులకు ఎనిమిది, ఏడుకు పద్నాలుగు. ఎఫ్16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచున వెలుగు చెదరడం) వల్ల మొత్తం ఫొటో పదును తగ్గుతుంది, ఏపీఎస్‌-సీ అయితే ఎఫ్11 దగ్గరే ఆగండి. కిరణాలు నిండుగా ఉండేది ఎక్కువ వెలుగు పడ్డ ఫొటోలో. హెచ్‌డీఆర్ సరిగ్గా అక్కడే చీకటి ఫొటో నుంచి తీసుకుంటుంది, అందుకే మసక. ఆ దీపాలకు మాత్రం వెలుగు ఫొటోను ‘లైటెన్’లో మాస్క్‌తో తిరిగి తెచ్చుకోండి.

ప్రశ్న: ఫొటో పోటీకి హెచ్‌డీఆర్ పంపితే మోసమంటారా?
– రాజమహేంద్రవరం

జవాబు: 1850లలోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే సముద్రానికో నెగెటివ్, ఆకాశానికో నెగెటివ్ తీసి ఒకే ప్రింటుగా కలిపాడు. అప్పటి ప్లేట్లు రెండింటినీ ఒకేసారి పట్టలేకపోయేవి మరి. పోటీ నియమాల్లో రెండు సంగతులు విడిగా చూడండి: వేరువేరు ఎక్స్‌పోజర్లు కలపడం, వేరువేరు సమయాల్లో తీసినవి కలపడం. మొదటిది ఒప్పుకుని రెండోది కుదరదనే పోటీలున్నాయి. సాయంత్రం ఆరింటి ఆకాశం, ఏడున్నర కిటికీలు కలిపిన ఫొటో రెండో కోవలోకి వస్తుంది. అడిగితే చూపించడానికి అసలు రా ఫైళ్లు చెరపకుండా ఉంచుకోండి.